లారీ దిగని గొర్రు

నేలను అనవసరంగా కదపకూడదని ప్రభుత్వంవారికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. చెప్పినవాడు మంచివాడే అయి ఉంటాడు, మాటా మంచిదే. కానీ మంచిమాటకు ఒక ఆఫీసు, ఆఫీసుకు ఒక జీపు, జీపుకు ఒక డ్రైవరు వచ్చాక దాన్ని ఆపడం మొదట చెప్పినవాడి తరం కూడా కాదు. మా జిల్లాలో ఆ ఆఫీసు పేరు నేల ప్రశాంతతా పథకం.

నా పేరు పున్నయ్య. తూములపాడులో కౌలు రైతును. మా వైపు కౌలు సంగతి చాలా తేలిక. కాలవ నీళ్లతో పండే వరి ఆసామికి పోతుంది. వరి కోశాక అదే మడిలో వేసుకునే రెండో పంట మాది. మేము తినేదీ, కట్టేదీ, పండగ చేసేదీ ఆ రెండో పంట మీదే. అది లేకపోతే ఏడాదంతా ఆసామికి ఊరికే వెట్టి చేసినట్టు.

ఆ రెండో పంటకు మేము నేల దున్నం. మా తాతలూ దున్నలేదు. వరి కోసిన మడిలో కొన్నాళ్లు తడి ఉంటుంది, దాన్ని పదును అంటాం. ఆ పదును ఉండగానే దుబ్బుల మధ్య కర్రతో పొడిచి మొక్కజొన్న గింజ వేస్తాం. పదును ఎవరి కోసమూ ఆగదు. ఆరిపోయిందంటే మా నల్లరేగడిలో గునపం కూడా దిగదు.

చిక్కల్లా ఏమిటంటే పొడవడానికి కూలీలు దొరకడం లేదు. అందుకని, దున్నకుండానే గింజ వేసే విత్తన గొర్రు ఒకటి ట్రాక్టరుకు తగిలించుకునేది వస్తోందనీ, మంచిది ఏదో కమిటీ ఎంపిక చేస్తుందనీ, ఎంపికైన గొర్రు మొదట మా మడిలోనే ఉచితంగా నడుస్తుందనీ విని మా ఆవిడ తులశమ్మ ప్రభుత్వాన్ని మెచ్చుకుంది. పెళ్లయినప్పటి నుంచి నన్నే మెచ్చుకోని మనిషి, ప్రభుత్వాన్ని మెచ్చుకుంది!

మా మడినే ఎందుకు ఎన్నుకున్నారంటే అది తారురోడ్డు పక్కన ఉంది, జీపు దిగితే చాలు. నన్ను కమిటీలో రైతు ప్రతినిధిగా ఎందుకు వేశారంటే పథకంవారు ఊళ్లో సభ పెట్టినరోజున నేను ఫ్యాను కింద కూర్చున్నాను, ఫ్యాను ముందు వరసలో ఉంది. కమిటీ మనిషే లబ్ధిదారు కాకూడదట, అందుకని సాగుదారుగా తులశమ్మ పేరు రాసుకున్నారు. షరతు ఒక్కటే. గొర్రు ఎంపిక అయ్యేదాకా మడిలోకి పురుగు కూడా దిగకూడదు. గుంటూరులో ఉండే మా ఆసామి కూడా ఫోనులో గట్టిగా చెప్పాడు, పథకంవాళ్ల మాట దాటితే వచ్చే ఏడు కౌలు ఇంకొకడికి అని.

మొదటి సమావేశం మండలాఫీసులో జరిగింది. పథకం సంచాలకులు పద్మాకరం గారు అధ్యక్షత వహించారు. ఆయన పక్కన డాక్టర్ సుధాంశు గారు కూర్చున్నారు. ఆయన మట్టి డాక్టరు. మట్టి అంటకుండా పొలంలో నడవడం నేను ఆయన దగ్గరే చూశాను. బల్ల మీద మూడు గొర్రుల ఫొటోలు పరిచారు. ఒకటి ఇనప కొంకులతో నేలను గీరి గింజ వేస్తుంది. ఒకటి పలుచటి రేకు చక్రాలతో కోసి వేస్తుంది. మూడోది ముళ్ల చక్రంతో పొడిచి వేస్తుంది. మూడోది నాకు చూడగానే నచ్చింది, మా కర్ర చేసే పనే కదా.

పద్మాకరం గారు గొంతు సవరించుకున్నారు. "మార్గదర్శకాలలో 'తక్కువ కదలిక' అని యున్నది. తక్కువ అనగా ఎంత? దీనిని నిర్వచించకుండా ముందుకు పోవుట ఆడిటు దృష్ట్యా శ్రేయస్కరం కాదు."

"మొదటి యంత్రం నేలను మూడు వేళ్ల వెడల్పున కదుపుతుంది. రెండోది ఒక వేలు" అన్నారు సుధాంశు గారు.

"ఒక వేలంటే తక్కువే కదండీ" అన్నాను.

"అర వేలు ఇంకా తక్కువ. పావు వేలు అంతకన్నా తక్కువ. విజ్ఞానశాస్త్రం దారి మధ్యలో ఆగిపోదు పున్నయ్యగారూ."

నన్ను గారూ అన్న మొదటి డాక్టరు ఆయనే. అందుకని నేను కూడా దారి మధ్యలో ఆగలేదు. అలా తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ వెళ్లి, అన్నిటికన్నా తక్కువ సున్నా అని అందరం కలిసి కనిపెట్టాం. నేలను సున్నా కదిపే గొర్రునే కొనాలని తీర్మానమైంది. చప్పట్లు కొట్టాం, జీడిపప్పు బిస్కట్లు తిన్నాం.

ఇంటికొచ్చి చెబితే తులశమ్మ చేట కింద పెట్టి నా వంక చూసింది.

"సున్నా కదిపితే గింజ యాడ పడద్దంట?"

"అది రెండో సమావేశంలో తేలుస్తారు."

"మరి పదునుకి చెప్పొచ్చావా, మీ రెండో సమావేశం దాకా కాస్త ఆగమని?"

ఆ సాయంత్రం తనే గట్టు మీద కూర్చుని చెయ్యి చాపి, మడిలోంచి పిడికెడు మట్టి తీసి నొక్కి చూసింది. మట్టి ముద్ద కట్టింది. ఇంకా పదును ఉందన్నమాట. మడికి కాపలా పెట్టిన మనిషి ఆ పిడికెడు మట్టినీ ఎక్కడ తీసిందో అక్కడే పెట్టించాడు.

పరీక్ష రోజు వచ్చింది. కమిటీవారు మడి మధ్యన నిలబడి చూడాలి, కానీ మడిలో కాలు పెట్టకూడదు. అందుకని రోడ్డు మీంచి మడి మధ్యకు చెక్క వంతెన కట్టారు. వంతెనకు గుంజలు కావాలి, గుంజలకు గుంటలు కావాలి. మోకాటిలోతు గుంటలు రెండు వరసలుగా తవ్వుకుంటూ పోయారు. మట్టి కుప్పలు చూసి నేను సుధాంశు గారి వంక చూశాను.

"అది పరిపాలనాపరమైన కదలిక. లెక్కలోకి రాదు" అన్నారు ఆయన.

మొదటి గొర్రు మడి చివర రెండు బారలు నడిచింది. సుధాంశు గారు వంతెన మీద బోర్లా పడుకుని స్కేలుతో కొలిచి తల అడ్డంగా ఊపారు. రెండోది సన్నగా గీత కోసి, అందులో గింజ జారవిడిచి, పైన మట్టి కప్పి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. నాకు దణ్ణం పెట్టాలనిపించింది. ఆయన తల మళ్లీ అడ్డంగానే ఊగింది. మూడోది పొడిచిన చిన్న చిన్న బొక్కలు చూసి ఆయనకు కళ్లనీళ్లే తక్కువ. "ప్రతి బొక్కా నేల తల్లికి ఒక గాయం" అన్నారు.

"గింజ మాత్రం సరిగ్గా పడిందండీ" అన్నాను.

"గింజకు మార్కులు లేవు. గింజ వేరే కమిటీ పరిధిలోనిది" అన్నారు పద్మాకరం గారు.

మూడూ తప్పాయి. అందరం దిగులుగా భోజనాలు చేశాం. మజ్జిగ పోసుకుంటూ ఉండగా నాలుగో గొర్రు వచ్చింది. దాన్ని తెచ్చిన కంపెనీ మేనేజరు ఫణీంద్ర చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. లారీ మీంచి యంత్రాన్ని దించే వాలుచెక్క తేవడం మరిచిపోయారట. గొర్రు లారీ మీదే ఉంది, పైన పరదా కూడా విప్పలేదు.

సుధాంశు గారు చెయ్యి కడుక్కుని లారీ చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి కిందికి చూశారు. తారురోడ్డు మీద మట్టి రవ్వ కూడా కదల్లేదు. ఆయన నిటారుగా నిలబడి ఒక్క మాట అన్నారు.

"సున్నా."

"సార్, ఇంకా దించలేదండి" అన్నాడు ఫణీంద్ర. పాపం, అబద్ధమాడటం చేతకానివాడు.

"దించితే ఫలితం మారిపోతుంది కదా. ఎందుకు దించడం?" అన్నారు సుధాంశు గారు.

"సార్, ఇది కూడా ఆ రెండోదానిలాగే నేలను కోసే..."

"మీ యంత్రాన్ని మీరే తక్కువ చేసుకోవడం మీ వినయానికి నిదర్శనం" అని పద్మాకరం గారు అతని భుజం తట్టారు. "కమిటీ కళ్లారా చూసినదానిని కంపెనీ ఖండించజాలదు."

నాలుగో గొర్రు ఏకగ్రీవంగా ఎంపికైంది. పరీక్షించిన వస్తువును పరీక్షించిన స్థితిలోనే కొనాలని రూలు ఉందట. కాబట్టి లారీతో సహా కొన్నారు. ఫణీంద్ర మొదట నెత్తి కొట్టుకున్నాడు. లారీ ధర కూడా కలుస్తుందని తెలిశాక నవ్వాడు. ఆ తరవాత అతను మాకు మళ్లీ కనబడలేదు.

ప్రారంభోత్సవానికి సన్నాయి పెట్టారు. తులశమ్మ తలంటుకుని, మందు పట్టించిన గులాబిరంగు విత్తనాల సంచి నెత్తిన పెట్టుకుని వచ్చింది. గింజలు గొర్రు డబ్బాలో పోయించారు. పద్మాకరం గారు పచ్చజెండా ఊపారు. లారీ మా మడి పక్కగా తారురోడ్డు మీద ఆ చివర దాకా మెల్లగా పోయింది, వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టాం. చివరికి మూడెకరాల్లో విత్తడం పూర్తయిందని మైకులో ప్రకటించారు.

తులశమ్మ లారీ ఎక్కి డబ్బా మూత తీసి చూసింది.

"అయ్యా, గింజలన్నీ దీంటోనే ఉన్నయ్యి."

"చాలా సంతోషం. విత్తనం వృథా కాలేదన్నమాట. ఇది కూడా నమోదు చేయండి" అన్నారు పద్మాకరం గారు పక్కన రాసుకుంటున్న గుమాస్తాతో.

"నేలలో పడకపోతే మొలవదు గదండీ!"

ఈ ప్రశ్నకు సుధాంశు గారు జవాబు చెప్పారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు భయం పట్టుకుంది. "అమ్మా, మేము ఇన్నాళ్లూ ఒక విషయం పట్టించుకోలేదు. గింజ మొలిస్తే వేరు వస్తుంది. వేరు ఏం చేస్తుంది? నేలలోకి చొచ్చుకుపోతుంది, మట్టిని పక్కకు నెడుతుంది. ఏ గొర్రూ చేయనంత కదలిక ఒక్క మొక్కజొన్న మొక్క చేస్తుంది. వేరు లేని విత్తనం దొరికేదాకా మనం విత్తడాన్ని విత్తనం నుంచి వేరుచేసి చూడాలి."

"పోనీ నీళ్లన్నా పెట్టుకోనియ్యండి, పదును పోకండా" అంది తులశమ్మ. మురుగు కాలవలో నీళ్లున్నాయి, ఇంజను అద్దెకు దొరుకుతుంది.

"నీరు పారితే మట్టి కదలదా?" అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున కంచంలో అన్నం పెట్టి మా ఆవిడ అంది, "నువ్వు మడిసివేనా, ప్రతినిధివా?"

నాకు ఉడుకెత్తింది. రెండో సమావేశంలో లేచి నిలబడి, పదును ఆరిపోతోందనీ, ఇంకో నాలుగు రోజులు పోతే గింజ వేసినా దండగేననీ, ఆ పంట పోతే మాకు తినడానికి గతి లేదనీ గట్టిగానే చెప్పాను. పద్మాకరం గారు ఓపికగా విన్నారు, మార్గదర్శకాలు మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు.

"పదును అనే పదం ఇందులో ఎక్కడా లేదండీ" అన్నారు. నిజంగానే బాధపడుతూ అన్నారు. "లేనిదానిని మేము ఆరిపోకుండా ఎట్లా ఆపగలం?"

మర్నాడు తెల్లవారుతూనే చూస్తే పక్కలో తులశమ్మ లేదు. మూల నిలబెట్టిన పొడిచే కర్రా లేదు, గొర్రు డబ్బాలోంచి తిరిగి నింపి తెచ్చుకున్న గింజల సంచీ లేదు. నేను వెళ్లేసరికి కొంగు బిగించి, వంగి, పొడుచుకుంటూ గింజ వేసుకుంటూ మడికి ఆ చివర దాకా ఒక సాలు పూర్తి చేసింది. నేనూ పంచె ఎగ్గట్టి దిగబోయాను. ఇంతలో కాపలావాడు ఈల ఊదాడు. వాడు ఊదిన ఊదుడికి ఊరంతా లేచింది.

జీపులో వచ్చిన సుధాంశు గారు ఆ సాలును చూసి గుండె పట్టుకున్నారు. ఆ గింజలు మొలిచేలోపు బయటికి తీసి నేలకు పూర్వస్థితి కల్పించాలన్నారు. గింజ ఎక్కడ పడిందో పైకి కనబడదు కదా. అందుకని పది పారలు తెప్పించి సాలు పొడవునా నడుంలోతు కందకం తవ్వించారు. గింజలన్నీ ఏరి కాగితం పొట్లంలో కట్టి సీలు వేశారు. కందకం పూడ్చడానికి మళ్లీ పదిమంది దిగి తొక్కారు.

తులశమ్మ గట్టు మీద కూర్చుని ఆ పొట్లం వంకే చూసింది. "మందు పట్టించిన గింజలు. వండుకోను కూడా పనికిరావు" అని మెల్లగా అంది. మా ఆవిడ అరుస్తుంటే నాకు అలవాటే. అలా మెల్లగా మాట్లాడితే భయమేసింది.

ఆ తరవాత ఇక మేము చేసేదేమీ లేకపోయింది. పదును మాతో చెప్పకుండానే వెళ్లిపోయింది. తులశమ్మ మళ్లీ పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టలేదు, వేళ్ల సందున పొడిగా రాలిపోయింది. ఈసారి కాపలావాడు కూడా ఏమీ అనలేదు. అటూ ఇటూ పొలాలవాళ్ల మొక్కజొన్న మోకాలెత్తు లేచింది. మధ్యలో మా మడి మాత్రం పథకంవారు కోరినట్టే ప్రశాంతంగా పడుకుంది. జిల్లాకు ఏదో బహుమతి వచ్చిందన్నారు. సభలో నాకు శాలువా కప్పారు. శాలువా బాగుంది, కానీ దాన్ని ఉడకబెట్టుకోలేం కదా.

మాఘమాసం ఎండలకు నల్లరేగడి ఏం చేస్తుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. కమిటీలో ఒక్కరికీ తెలియదు. మడి నెర్రెలు విచ్చింది. మొదట గీతల్లాగా మొదలై, తరవాత వేళ్లు పట్టేంత అయి, చివరికి కాలు జారితే పిక్కదాకా దిగబడేంత అయింది. తనిఖీకి వచ్చిన సుధాంశు గారు ఒక నెర్రెను కొలవబోతే స్కేలు లోపల పడిపోయింది. అది ఇంతవరకూ దొరకలేదు.

"ఏ యంత్రం వల్లా ఇంత కదలిక జరగలేదు! ఎవరు చేశారు ఇది?" అన్నారు ఆయన.

గొర్రు చేయలేదు, అది లారీ దిగలేదు. గింజ చేయలేదు, అది పొట్లంలో ఉంది. నీరు చేయలేదు, పెట్టనివ్వలేదు. ఒకదాని తరవాత ఒకటి కొట్టేసుకుంటూ పోతే చివరికి సాగుదారు ఒక్కరే మిగిలారు. తులశమ్మకు నోటీసు ఇవ్వాలని తీర్మానించి, కమిటీ సభ్యుడిగా నా చేత కూడా సంతకం చేయించారు. ముద్దాయి మా ఆవిడ, ఫిర్యాదీల్లో నేనొకణ్ణి. నోటీసు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చే పని కూడా నాకే పడింది. ఆ పూట నేను ఎలా అన్నం తిన్నానో చెప్పను.

విచారణ గట్టు మీదే జరిగింది. గుమాస్తా కలం తీసి కూర్చున్నాడు.

"మీ ఆధీనమందలి నేల, పథకం అనుమతి లేకుండా, గణనీయముగా కదిలినట్లు కమిటీ గమనించింది. మీ సంజాయిషీ ఏమి?" అన్నారు పద్మాకరం గారు.

తులశమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "ఆకలేసి నోరు తెరిసిందండీ. దానికి గింజ పడనియ్యలేదు, నీళ్లు పడనియ్యలేదు. నాకూ దానికీ ఒకేసారి కూడు ఆపారు మీరు. అదైతే నోరు తెరిసి ఊరుకుంది. నేను తెరిసానంటే మీరు జీపు దాకా నడవలేరు."

పద్మాకరం గారు గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోండి. నేల నోరు తెరచిన మాట వాస్తవమేనని సాగుదారు అంగీకరించారు. సదరు నోటిని మూయించుటకు తగు చర్యలు తీసుకోవలెను."

ఆ తగు చర్యలు ఏమిటంటే లోతు దుక్కి. నెర్రెలు పూడాలంటే నేలను అడుగు నుంచి తిరగేయాలని ఇంకో డాక్టరుగారు సలహా ఇచ్చారు. నాగళ్లు తగిలించిన పెద్ద పెద్ద ట్రాక్టర్లు రెండు వచ్చాయి. మా తాతల నాటి నుంచి వరి కోశాక నాగలి ఎరగని మడి అది.

"మరి సున్నా అన్నారు గదండీ" అన్నాను.

"ఇది కదలిక కాదయ్యా, ప్రశాంతతా పునరుద్ధరణ" అన్నారు సుధాంశు గారు.

పద్మాకరం గారు మళ్లీ పచ్చజెండా ఊపారు. ట్రాక్టర్లు గర్జించుకుంటూ దిగాయి. బండెడేసి మట్టిపెడ్డలు పైకి లేచి బోర్లా పడ్డాయి. అటూ ఇటూ పొలాల్లో మొక్కజొన్న కండెలు వేస్తోంది. మా మడిలో దుమ్ము లేచింది. ఆ దుమ్ము చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఫొటో తీసేవాడు అందరినీ వరసగా నిలబెట్టి, ఒక చోటు ఖాళీగా ఉందన్నాడు.

"లబ్ధిదారు ఏరీ?" అన్నారు పద్మాకరం గారు.

నేను రోడ్డు వైపు చూపించాను. పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి కూలీలను తీసుకెళ్లే ఆటో అక్కడ ఆగి ఉంది. నెత్తికి గుడ్డ చుట్టుకుని, అన్నం టిఫిను ఒళ్లో పెట్టుకుని తులశమ్మ అందులో కూర్చుని ఉంది.

"కూలికి పోతందండి."

"ఇవాళ కూడానా? ఎవరి పొలానికి?"

"పంట ఉన్న పొలానికండి."

ఆయన ఆ మాట విన్నారో లేదో. "సరే, ఆమె బదులు మీరే నిలబడండి. తరవాత ఇక్కడ ఒక సంతకం" అని కలం నా చేతిలో పెట్టారు. మంచి కలం, జేబుకు తగిలించుకునే బంగారురంగు క్లిప్పు కూడా ఉంది. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. తరవాత ఆయన జేబులోనే పెట్టేసి, పంచె ఎగ్గట్టుకుని, పెడ్డల మీద పడుతూ లేస్తూ రోడ్డు మీదికి నడిచాను. వెనక నుంచి ఎవరో పిలుస్తున్నారు. ఆటో అప్పుడే కదలబోతోంది.

తులశమ్మ నన్ను చూసింది. పక్కనున్న ఆడవాళ్లను మోచేత్తో నెట్టింది.

"జరగండే, ప్రతినిధి గారొచ్చారు. కుర్చీకి అలవాటు పడ్డ మడిసి, కాస్త చూసి కూకోనియ్యండి."